ఎనిమిది వేళ్ళ కీబోర్డు

వరండాలో బల్ల మీద పక్కన కూర్చున్నామె తొంగిచూస్తోందని నవ్యశ్రీ చేతిలో కాగితం చటుక్కున మడిచేసింది.

"చూస్తే అరిగిపోద్దా పాపా?" అంది ఆమె.

"అరగదు. అయినా చూడొద్దు."

ఆమెకు యాభై దాటుంటాయి. కుడి మణికట్టుకు బెల్టు, ఒళ్ళో టిఫిను క్యారియరు. ఇట్లాంటివాళ్ళు కూడా టైపింగు పరీక్షకొస్తారా అనుకుంది నవ్యశ్రీ.

ఆత్మకూరులో పాత భూమి కాగితాలు కంప్యూటరుకెక్కించే కాంట్రాక్టు ఆఫీసది. ఉన్నది ఒకటే ఉద్యోగం. వచ్చినవాళ్ళు పదకొండుమంది. కంప్యూటర్లు పది. ఆలస్యంగా వచ్చినతన్ని గుమ్మంలో నిలబెట్టారు.

ఇది కూడా పోతే నవ్యశ్రీ సొంతూరు వరికుంటపాడుకు పోయి గొర్రెల వెంట తిరగాల్సిందే. నాయన పొద్దున్నే తేల్చి చెప్పాడు.

"ఇదే ఆఖరుసారి. ఆ చేత్తో నిన్నెవరు పెట్టుకుంటారు?"

ఆ కుడిచేతికి మూడే వేళ్ళు. పదమూడో ఏట మేత కత్తిరించే మిషన్‌లో చివరి రెండూ పోయాయి. అందరూ వాడే కీబోర్డులో త, చ, ట ఆ రెండు వేళ్ళ కిందే ఉంటాయి. వాటికోసం చెయ్యి ఎగిరెగిరి పడాలి. రెండు పరీక్షలు అట్లానే పోయాయి.

వేళ్ళెట్లాగూ మొలవవు, కీబోర్డు మార్చడానికి ఏం రోగం అనుకుంది.

జిరాక్సు షాపులో చెడిపోయిన అర్జీలన్నీ మూటగట్టి తెచ్చి, ఏ అక్షరం ఎన్నిసార్లొచ్చిందో గీతలు గీసి లెక్కేసింది. ఎక్కువగా వచ్చేవాటిని ఉన్న ఎనిమిది వేళ్ళకూ పంచి, ఆ పటం ఈ కాగితం మీద గీసుకుంది. ఏడు నెలలు సాధన చేసింది. ఇప్పుడామె టైపు కొడుతుంటే గొర్రెల మంద గట్టు దిగినట్టే, ఎక్కడా ఆగేది లేదు.

పక్కనామె మోకాలి మీద వేళ్ళాడించింది.

"త చూపుడువేలికి ఇచ్చినావే, బాగుండాది. ట మాత్రం ఎడమచేతికి ఇచ్చుంటే ఇంకా..."

ఆ కాస్తలోనే ఎంత చూసేసింది! నవ్యశ్రీకి ఒళ్ళు మండింది.

"నువ్వు టైపు కొట్టే మనిషివేనా?"

"ఏదో, కొడతాలే."

"అయితే నీ కీబోర్డు నువ్వు చూసుకో పెద్దమ్మా. నాది నేను చూసుకుంటా."

ఆమె నవ్వింది.

లోపలికెళ్ళాక, నవ్యశ్రీ పెన్‌డ్రైవు తీయగానే సూపర్‌వైజరు రామనారాయణ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందది?"

"నా కీబోర్డు సార్. రెండు నిమిషాల్లో ఎక్కించుకుంటా."

"కుదరదు. అందరికీ ఏదో నీకూ అదే."

"నోటీసులో అట్లా రాసుండాదా సార్? నిమిషానికి ముప్పై మాటలు, తప్పుల్లేకుండా కొట్టమన్నారు. అంతే గదా?"

"లా చదివినావా ఏంది?"

"మీ నోటీసే చదివినాను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రామనారాయణ మొహం మాడింది.

"కంప్యూటర్లకు లాకులేసుండాం. తీసే మనిషి నెల్లూరులో ఉండాడు. రాస్తే రాయి, లేకపోతే బస్సెక్కు."

"బస్సెక్కను. నా కీబోర్డుతో రాయనీలేదని కాగితం మీద రాసియ్యండి, అప్పుడు పోతా."

రామనారాయణ ఆమెను దాటుకుని పోయాడు. గుమ్మంలో నిలబడ్డ పదకొండో మనిషిని పిలిచి నవ్యశ్రీ సీట్లో కూర్చోబెట్టాడు.

నవ్యశ్రీ కదల్లేదు. హాలు మధ్యలో అట్లాగే నిలబడింది.

"ఈ చివరిదానికి లాకు లేదు సార్."

అందరూ తలలు తిప్పారు. మూలన కూర్చున్న బెల్టామె లేచింది.

"ఆ పిల్లని ఇక్కడ కూర్చోబెట్టండి. నోటీసులో లేనిది మనమెట్లా వద్దంటాం?"

"మరి మీరు?" రామనారాయణ గొంతు తగ్గింది.

"ఆ పిల్లది అయినాక రాస్తా."

"రెండో బ్యాచి లేదు. పన్నెండుకల్లా మార్కులు పైకి పోవాల. బాగా ఆలోచించుకోండి."

"ఆలోచించినాను. మీరు మొదలుపెట్టండి సార్."

క్యారియరు తీసుకుని, వెనక్కి చూడకుండా బయటికి నడిచింది.

నవ్యశ్రీ నిమిషానికి నలభైయొక్క మాటలు కొట్టింది. ఒక్క తప్పూ లేదు. పరీక్ష అయి వరండాలోకొచ్చేసరికి ఆ బల్ల ఖాళీగా ఉంది.

ఇంటికెళ్ళి చెబితే వాళ్ళమ్మ మస్తానమ్మ రెండు చేతులూ జోడించింది.

"ఎవురో మహాతల్లి!"

"మహాతల్లీ లేదు, ఏమీ లేదు. టైపింగొస్తే సీటిస్తాదా? పదిమందిలో పరువు పోతాదని సందు చూసుకుని జారుకుందిలే."

ఒకటో తారీకు నవ్యశ్రీ ఉద్యోగంలో చేరింది. ఆఫీసు ఊడ్చే శీనమ్మ ఆమెను నేరుగా ఆ చివరి కంప్యూటరు దగ్గరికే తీసుకుపోయింది.

నవ్యశ్రీకి నవ్వొచ్చింది. "పరీక్షరోజు ఒకామె భయపడి లేచిపోయిన సీటు గదా ఇది?"

శీనమ్మ చేతిలో చీపురు ఆగింది.

"భయమా? కామాక్షమ్మకా?"

"నీకు తెలుసా ఆమె? యాడుంటాది?"

"సీతారామపురం అవతల, కూతురి ఊరికి పోయింది. ఫోను చేద్దామన్నా లేదు. అది ఆఫీసు ఫోను, తిరిగిచ్చేసి పోయింది."

"ఆఫీసు ఫోను ఆమె దగ్గర ఎందుకుండింది?"

శీనమ్మ కొంగుతో కుర్చీ తుడిచి, నవ్యశ్రీ వైపు జరిపింది.

"కాంట్రాక్టు మారినప్పుడల్లా పాతవాళ్ళు కూడా పరీక్ష రాసి నెగ్గాల పాపా, నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ ఫస్టొచ్చి తొమ్మిదేళ్ళుగా ఈ కుర్చీలో కూర్చున్నది ఆమే."