ద్రాక్షతోట కౌలుదార్లు

"యజమాని ఎవరు, కౌలుదార్లు ఎవరు? ఈపొద్దు తేలిపోవాల" అన్నాడు పాస్టర్ సంజీవయ్య, మైకు దగ్గరికి లాక్కుంటూ.

ఆళ్లగడ్డ మందిరంలో ఆరాధన జరుగుతోంది. నంద్యాల నుంచి వచ్చిన మూడు నెలలకే ఆయన ఈ రాతి మందిరాన్ని పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టాలని తీర్మానించాడు. వద్దని చెప్పబోయిన ముసలి జయరాజును ఆయన మనుషులు గేటు బయటికి నెట్టారు. తర్వాత వెళ్లిన టీచరమ్మ జ్యోత్స్నను నానా మాటలన్నారు. మొన్న గురువారం అదే మాట చెప్పడానికి కిరణ్ అనే కుర్రాడు వెళితే తల పగలగొట్టారు. నాలుగు కుట్లతో, కట్టుతో అతను చివరి వరుసలో కూర్చుని ఉన్నాడు.

పాస్టర్ ఉపమానం చదివాడు. ఒక యజమాని ద్రాక్షతోట వేసి కౌలుకిచ్చాడు. పంటలో తన పాలు అడగమని పనివాళ్లను పంపితే కౌలుదార్లు కొట్టి తరిమారు. చివరికి కొడుకును పంపితే చంపేశారు.

"అర్థమైందా? తోట ఈ మందిరం. యజమాని దేవుడు. ఆయన తరఫున వచ్చినోణ్ణి నేను. నాకు అడ్డం పడతాండే కౌలుదార్లు మీరు."

వెనక నుంచి మణెమ్మ లేచింది. రోజూ తెల్లారి వచ్చి మందిరం ఊడ్చిపోయే ముసలామె. పాస్టర్ ఇన్నాళ్లలో ఆమె పేరైనా అడగలేదు.

"నాకు సదువు రాదయ్యా. ఒగటి చెప్పు. ఆ కౌలుదార్లు యజమానిని ఎరగరా?"

"కండ్ల ముందు లేడు గదమ్మా. తోట తమదే అనుకున్యారు."

"కొడుకును కొట్టినోళ్లను ఏం చేయాల మరి?"

పాస్టర్‌కు హుషారొచ్చింది. అక్షరం రాని మనిషికి కూడా తన వాక్యం అందుతోంది.

"జాలి పడకూడదు. ఉన్నపళంగా తోటలోనించి ఎల్లగొట్టాల."

"ఎంత పెద్దోళ్లైనా?"

"ఎంత పెద్దోళ్లైనా. అది దేవుని తీర్పు."

"ఆమేన్" అంది మణెమ్మ. మందిరమంతా ఆమేన్ అంది. అందరికంటే గట్టిగా పాస్టరే అన్నాడు.

మణెమ్మ చేతిసంచిలోంచి ఒక పాత కాగితం తీసి, నెమ్మదిగా మడతలు విప్పింది.

"జయరాజును పంపితి, ఇనకపోతివి. జ్యోత్స్నను పంపితి, తిట్టి పంపితివి. ఆ కట్టు కట్టుకోని కూర్చున్యోడు నా కొడుకు. ఈ స్థలం పట్టా ఇంగా నా పేరు మీదనే ఉండాది. తాళాలు ఆడ పెట్టి నంద్యాల బస్సెక్కయ్యా."