జెల్లల తరఫున

ఆరోగ్యమ్మ నెత్తి మీది గంపను దించి వ్యాను ముందు బోర్లించింది. మూరెడేసి క్యాట్‌ఫిష్‌లు మట్టిలో పడి మీసాలు ఆడిస్తూ దొర్లాయి. డ్రైవరు బ్రేకు వేశాడు.

గట్టు మీద కుర్చీలో కూర్చున్న మస్తాన్‌రావు లేచి వచ్చాడు. వాగు పక్కనున్న ఆ చేపల చెరువులు ఆయనవే. ఏటా వానలకు గట్టు ఎక్కడో ఒకచోట తెగుతుంది. అందులోని క్యాట్‌ఫిష్‌లు వాగులో పడి కృష్ణలోకి పోతాయి. నిరుడూ అదే జరిగింది, ఈ నెలలోనూ అదే జరిగింది. ఖాళీ అయిన చెరువులో పోయడానికి ఇప్పుడు వ్యాను నిండా కొత్త చేపపిల్లలు వచ్చాయి.

అడ్డం తప్పుకోమన్నాడు మస్తాన్‌రావు. ఈ పిల్లల్ని తిరిగి పంపిస్తేనే తప్పుకుంటానంది ఆరోగ్యమ్మ. ఆమె వెనక పుట్టీలు వేసుకుని కృష్ణలో చేపలు పట్టుకునే పదిమంది దాకా నిలబడి ఉన్నారు. వాళ్ల వలల్లో ఇప్పుడు పడేది ఇదే చేప. కోడి వ్యర్థాలు తిని పెరిగిందని రెంటచింతల బజార్లో దాన్ని ఎవరూ ముట్టడం లేదు.

"ఏట్లో దొరికిన చేప మీద నా పేరుందా ఆరోగ్యమ్మా?" అన్నాడాయన.

ఆరోగ్యమ్మ నడుముకు దోపుకున్న కత్తి తీసి, అన్నిట్లోకీ పెద్ద చేపను పట్టుకుని పొట్ట చీల్చింది. లోపల వేలు పెట్టి ఒక్కొక్కటే బయటికి తీసింది. నాలుగు ఏటి జెల్లలు, ఇంకా చర్మం కూడా చెదరనివి. గుప్పెడు చిన్న పరిగె చేపలు. ఏ చేపదో ఒక గుడ్ల ముద్ద. అన్నిటినీ వ్యాను ముందు రేకు మీద వరసగా పేర్చింది.

"మీ పేరు లేదు. ఇయ్యి ఉన్నయ్యి. వీటి గుడ్లు గూడా మిగలటం లేదు. వచ్చే ఏడు జెల్ల ఎట్టుంటదో మా పిల్లలకి బొమ్మేసి చూపించాల."

మస్తాన్‌రావు గొంతు మెత్తబడింది. ఏట్లో వలకు పడిన క్యాట్‌ఫిష్‌లన్నీ తనకే తెచ్చి అమ్మమన్నాడు, హైదరాబాదు లారీల్లో తానే ఎక్కిస్తానన్నాడు. వెనకున్న వాళ్లలో ఇద్దరు ముగ్గురు తలెత్తి చూశారు. ఆరోగ్యమ్మ మరిది ప్రభుదాసు దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"ఇంతటితో ఇడిసెయ్ వదినా. రేపు ఏటికి పోవాలన్నా ఈయన పొలంలో నుంచే గదా మన దారి."

"దారియ్యకపోతే ఈదుకుంటా పోదాం."

మస్తాన్‌రావు డ్రైవరుకు సైగ చేశాడు. ఇంజను మళ్లీ మోగింది. ఆరోగ్యమ్మ చేపల మధ్యనే, ముందు చక్రానికి ఎదురుగా చతికిలబడింది. బండి జానెడు కదిలి ఆగింది. ఇంజను వేడి ఆమె మొహానికి కొడుతోంది. అయినా లేవలేదు. డ్రైవరు ఈసారి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. తన వల్ల కాదన్నాడు.

అప్పుడొచ్చాడు మత్స్యశాఖలో పనిచేసే ఫహీమ్, బైకు మీద. పొద్దున్నే అతనికి ఫోను చేసింది ఆరోగ్యమ్మే. అతను వ్యానులోని డ్రమ్ముల మూతలు తీసి చూశాడు. ఈ చేపను పెంచడం నిషేధమనీ, పెంచిన వాళ్లెవరైనా సరే కేసు తప్పదనీ చెప్పాడు. కాకపోతే పెంచినవాళ్ల పేర్లతో ఎవరో ఒకరు ఫిర్యాదు ఇవ్వాలి. ఒకసారి కాగితం మీదికెక్కిన పేరును తాను కొట్టెయ్యలేనని కూడా ముందే చెప్పాడు.

"రాసుకోండి. సంతకం పెట్టే మొనగాడెవరో నేనూ చూస్తా" అన్నాడు మస్తాన్‌రావు.

ఎవరూ కదల్లేదు. ప్రభుదాసు వాగు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"నేను పెడతా. రాయి బాబూ" అంది ఆరోగ్యమ్మ.

చక్రం ముందు నుంచి లేవకుండానే చెప్పింది. మస్తాన్‌రావు ఇంటిపేరు, తండ్రి పేరు, ఆయనకు చెరువులెన్ని, గట్టు తెగింది ఎన్నిసార్లు. ఫహీమ్ బండి సీటు మీద కాగితం పెట్టుకుని రాశాడు. మస్తాన్‌రావు ఎవరికో ఫోను చేస్తూ పక్కకు వెళ్లాడు.

"అంతేనా అమ్మా? సంతకం పెట్టండి."

"ఆగు. ఇంకో పేరుంది."

వెనకున్న వాళ్లు గతుక్కుమన్నారు. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మనోళ్ల పేరు ఎందుకే అని ఎవరో గొణిగారు. మస్తాన్‌రావు ఫోను చెవికి ఆనించుకునే ఆగిపోయాడు.

"చెప్పాను గదమ్మా, రాశాక కొట్టెయ్యటం కుదరదు" అన్నాడు ఫహీమ్.

"కొట్టెయ్యమని అడగను."

ఆరోగ్యమ్మ నెత్తురు చేతులు చీరకు తుడుచుకుని కాగితం కోసం చెయ్యి చాచింది.

"గాదె ఆరోగ్యమ్మ అని రాయి. ఈయన చెరువులు తవ్వకముందే ఇంటెనక గుంటలో ఈ చేపని పెంచి, చంపబుద్ధిగాక మొట్టమొదట ఏట్లో వదిలింది నేనే."