పిల్లికి మంగనబావు

అక్కయమ్మ సంచిలోంచి పిల్లిని బల్ల మీదికి తీయగానే కాంపౌండరు అంజినప్ప నవ్వాడు. దాని దవడ కింద నిమ్మకాయంత వాపు. మెడలో రెండు పేటలుగా చుట్టిన బంగారు గొలుసు.

"మంగనబావుకు వేసినావా తల్లీ?" అన్నాడు.

ఈ వైపు పిల్లలకు దవడలు వాస్తే మంగనబావంటారు. మెడలో బంగారం వేస్తే తగ్గుతుందని నమ్ముతారు. పిల్లికి వేసినవాళ్లను మాత్రం చిక్కబళ్లాపురంలోని ఆ పశువుల ఆసుపత్రిలో అంజినప్ప ఇన్నేళ్లలో చూడలేదు.

అక్కయమ్మ గొలుసును వేలితో సవరించి, ఔనన్నట్టు తల ఊపింది.

"నీ మెడ బోసిగా పెట్టుకోని పిల్లికి బంగారమా. బాగుండాది."

డాక్టర్ చైత్ర అతణ్ణి ఊరుకోమంది. గొలుసు తీయమంది. అక్కయమ్మే తీసింది. దాని అడుగున వెంట్రుకలు అరిగి సన్నటి చార పడి ఉంది.

డాక్టర్ వాపులోకి సూది గుచ్చి లాగింది. తేనెలా సాగుతూ వచ్చింది. చీము కాదనీ, జొల్లేననీ చెప్పింది. లోపల జొల్లు ఊరే గ్రంథి చిట్లి, నోట్లోకి పోవలసింది చర్మం కింద చేరుతోందట. ఎన్నిసార్లు తీసినా మళ్లీ నిండుతుందట. ఆ పక్క గ్రంథిని కోసి తీసేయడమొకటే దారి. కానీ పిల్లికి పదేళ్లు. మత్తుకు తట్టుకుంటుందని గట్టిగా చెప్పలేనంది. ఇంట్లో మాట్లాడుకుని రమ్మంది.

"మాట్లాడేది దీంతోనే డాక్టరమ్మా," అంది అక్కయమ్మ. "చేసేయండి."

పరగోడు నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మనిషి. కాగితం మీద సంతకం చేసి, బయట బెంచీ మీద కూర్చుంది. పక్కన మేకతో వచ్చినామె ఏ ఊరని అడిగితే చెప్పింది. తిరిగి అడగలేదు. రెండు గంటలూ తలుపు వైపే చూసింది.

పిల్లి కళ్లు తెరిచింది. వెంట్రుకలు గీసేసిన మెడ మీద కుట్లు. అక్కయమ్మ వేలు దగ్గర పెడితే నాకబోయింది. నాలుక ఇంకా స్వాధీనంలో లేదు.

డాక్టర్ చేతులు కడుక్కుంటూ అంది:

"ఇట్లాంటివి ఎందుకొస్తాయో చానాసార్లు తెలీదమ్మా. మెడకు ఏదన్నా బిగుతుగా ఉన్నా రావచ్చు. గొలుసు ముందరా, వాపు ముందరా?"

"వాపే ముందు."

"అయితే గొలుసు తప్పేం లేదు. ఇంక దీనికొద్దు. మీరే వేసుకోండి."

అక్కయమ్మ సరేనంది. కుట్లు విప్పించడానికి ఏ రోజు రావాలో అడిగి తెలుసుకుంది. బస్సులో పిల్లిని ఒళ్లో పడుకోబెట్టుకుని, గీసిన మెడకు గాలి తగలకుండా కొంగు కప్పింది.

భర్త పోయిన పదకొండో రోజు పెద్దవాళ్లు తాళిబొట్లు తీసేసి చేతికిచ్చిన ఆ గొలుసును, ఆయన ఒళ్లో పెరిగిన పిల్లి మెడకు ఆమె చుట్టిననాడు, దానికి ఏ వాపూ లేదు.