నడవండి

కుటుంబ ఆర్థిక సలహాలో ఎమ్మే చదువుతున్నాను. ఊళ్లోని ఇళ్ల ఖర్చులు, పేర్లు చెరిపేసి, మా క్లాసుకి వస్తాయి. మేం రాసిన సలహా గంటలో ఆ ఇంటావిడ పెట్టుకున్న మాట్లాడే చెవిపోగులో వినిపిస్తుంది.

ఇవాళ నాకొచ్చిన లెక్కల్లో ఒకావిడ రోజూ ఒక్క కిలోమీటరుకే డ్రైవర్ లేని ఆటో ఎక్కుతోంది. "ఇది బద్ధకం. నడవండి," అని రాశాను. మేడం అందరికీ చదివి వినిపించి మెచ్చుకున్నారు.

సాయంత్రం అమ్మ పని నుంచి ఆలస్యంగా, గోడ పట్టుకుంటూ వచ్చింది. మోకాలు వాచిపోయింది.

"ఎప్పటినుంచమ్మా?"

"ఏడాదైందే. అందుకే ఆటోలో వచ్చేదాన్ని. ఇవాళ చెవిపోగు బద్ధకమంది. సిగ్గేసి నడిచొచ్చా."

ఏడాదిగా నేను అడగలేదు. వేడినీళ్ల గుడ్డ మోకాలికి చుడుతూ తలెత్తలేకపోయాను.

"ఎవరో బాగా చదువుకున్న పిల్లే రాసుంటుంది," అంది అమ్మ. "నువ్వూ అలా పేరు తెచ్చుకోవాలే, హిమజా."