చెయ్యి పట్టని చోటు

వ్యాను మళ్లీ వచ్చింది. ఈ వారంలో ఇది మూడోసారి.

దాన్ని చూడగానే మెకానిక్‌కి తల ప్రాణం తోకకొచ్చింది.

"స్పీడులో బంగారంలా పోతోందన్నా. నెమ్మదిస్తే చాలు, గజగజ వణికి ఆగిపోతోంది," అన్నాడు డ్రైవరు.

"ప్లగ్గులు మార్చాను. కాయిల్ మార్చాను. సెన్సార్ మార్చాను. ఇక మార్చడానికి నువ్వొక్కడివే మిగిలావు."

డ్రైవరు నవ్వలేదు.

"రెండింటికల్లా నలుగురిని డయాలసిస్‌కి చేర్చాలి. మొన్న దారిలో ఆగిపోతే ఒకావిడకి వంతు తప్పింది. పాపం, మొహమంతా నీరు పట్టేసింది. ఇవాళ కూడా తప్పితే ఆవిడ ఏమైపోతుందోనని భయంగా ఉంది."

గోడ గడియారంలో పదకొండున్నర.

మెకానిక్ బానెట్ ఎత్తి తిట్లకు లంకించుకున్నాడు. ముందు ఇంజన్‌ని, తరవాత దాని నమూనా గీసినవాడిని, ఆపైన వాడి ఏడు తరాలని.

"ఆ మహానుభావుడు ఒక్కసారి నా కంట పడాలి. వాడి చెయ్యే ఇందులో దూర్చి బానెట్ వేసేస్తాను."

"ఆ జాలీ విప్పి చూశారా?"

వెనక్కి తిరిగితే ఎవరో సన్నటి పెద్దాయన. చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచి ఇంజన్ చప్పుడు వింటున్నాడు. ఆయన మోపెడ్ పక్కనున్న పంక్చర్ షాపు ముందు ఆగి ఉంది.

"ఏ జాలీ?"

"వాల్వు టైమింగ్‌కి నూనె వెళ్లే దారిలో ఉంటుంది కదా, నూనెలో మడ్డిని వడగట్టే బొటనవేలంత జాలీ. ఇంజన్ వేగం పెరిగితే వాల్వులు ముందుగా తెరుచుకోవాలి, నెమ్మదిస్తే మామూలు వేళకి రావాలి. ఆ సర్దుబాటు చేసేది నూనే. జాలీ పూడిపోతే సర్దుబాటు ఎక్కడిదక్కడే నిలిచిపోతుంది. పరుగెత్తేవాడి ఊపిరి కూర్చున్నాక కూడా తీస్తుంటే ఎలా ఉంటుంది? అదీ ఆ వణుకు."

మెకానిక్‌కి ఒళ్లు మండింది. అసలే పుండు, దాని మీద కారం చల్లడానికి పనిగట్టుకుని ఒకాయన.

"అది ఎప్పుడో శుభ్రం చేశాం."

డ్రైవరు సర్వీసు కార్డు తీసి చూపించాడు. జాలీ అన్న మాట ఎదురుగా రెండు టిక్కులున్నాయి.

పెద్దాయన కార్డు చూశాడు. "ఎలా విప్పారు?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

మెకానిక్ చేతిలోని స్పానర్‌ని గుడ్డతో తుడవసాగాడు. జాలీని పట్టి ఉంచే బోల్టు ఇంజన్‌కీ, దాన్ని మోసే దిమ్మకీ మధ్య సందులో ఉంటుంది. చెయ్యి పట్టదు, స్పానర్ తిరగదు. ఇంజన్ దించితే తప్ప అందదు, దానికి రెండు రోజులు. అందుకే ఏ షాపులోనూ దాన్నెవరూ విప్పరు. విప్పకుండానే టిక్కు పెడతారు. అందరూ పెడతారు కాబట్టి అది అబద్ధమని కూడా ఎవరికీ తోచదు.

"చెయ్యి పట్టదు కదా," అన్నాడు పెద్దాయన మెల్లగా.

డ్రైవరు ఒకసారి కార్డు వంక, ఒకసారి మెకానిక్ వంక చూశాడు. ఆ చూపుతో మెకానిక్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది.

"మీ బండి పంక్చర్ సంగతి మీరు చూసుకోండి."

"అసలు తిరిగే వాల్వు పెట్టుంటే ఈ గొడవే లేదు. గొట్టానికి కిటికీ కోసి తిప్పడమే. పైకీ కిందికీ కొట్టుకునేది ఏదీ ఉండదు. కానీ గాలి కారకుండా సీలు నిలవలేదు, పన్నెండేళ్లు ప్రయత్నించినా..."

"పెద్దాయనా, మీకో దండం. బయటికి నడవండి."

ఆయన నొచ్చుకున్నట్టు కనబడలేదు. సంచిలోంచి రుమాలు చుట్టిన వస్తువేదో తీసి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మెకానిక్ సెన్సార్ మళ్లీ విప్పి, మళ్లీ బిగించాడు. ఇంజన్ మళ్లీ వణికి ఆగింది. పన్నెండున్నర అయింది.

డ్రైవరు ఫోను మోగింది. "వస్తున్నానమ్మా," అని పెట్టేశాడు. "ఆవిడే. అప్పుడే గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుందట."

మెకానిక్ చేతులు తుడుచుకుందామని బల్ల మీది రుమాలు లాగాడు. ఖంగుమంటూ ఏదో కింద పడింది.

చిన్న స్పానర్. రెండుచోట్ల వంచి, పిడి సగానికి కోసి, అంచులు నున్నగా ఆకురాయితో రాసి ఉంది. పిడి మీద నలభై ఒకటి అని చెక్కి ఉంది.

అలాంటి వంకర స్పానర్లు దుకాణాల్లో దొరకవు. మెకానిక్ కూడా రెండు మూడు తయారు చేసుకున్నాడు. ఒక్కొక్కటీ ఒక్క బోల్టుకే పనికొస్తుంది.

వంగి, దాన్ని ఆ సందులోకి తోశాడు.

కూర్చుంది. తిరిగింది.

రెండు నిమిషాల్లో జాలీ చేతికొచ్చింది. కాటుకలాంటి మడ్డితో నిండా పూడిపోయి ఉంది. పెట్రోలుతో కడిగి, బిగించి, స్టార్ట్ చేశాడు. ఇంజన్ మీద పెట్టిన గ్లాసులో నీళ్లు కూడా తొణకలేదు.

డ్రైవరు గబగబా వ్యానెక్కి వెళ్లిపోయాడు. రెండు టిక్కుల కార్డు మాత్రం బల్ల మీదే వదిలేశాడు.

మెకానిక్ సిగ్గుతో చచ్చిపోయాడు. స్పానర్ పట్టుకుని పంక్చర్ షాపుకి పరుగెత్తాడు.

"ఆ పెద్దాయన ఏరి?"

"వెళ్లిపోయారే. గంటైంది."

"ఇది మరిచిపోయారు."

"మరిచిపోలేదు, నీకే ఇచ్చారు. సంచిలో ఇంకా బోలెడున్నాయి, వరసగా నంబర్లు వేసి. రిటైరైన దగ్గర్నుంచీ ఇంట్లో కూర్చుని వాటినే తయారు చేస్తున్నారట. ఆ రకం ఇంజన్ ఎక్కడ వణుకుతూ వినబడితే అక్కడ ఆగి, ఒకటిచ్చి పోతారట. ఇక్కడా అంతే. బండికి పంక్చర్ కూడా లేదు, గాలి పట్టించుకునే వంకతో ఆగారు."

"ఎందుకట అంత శ్రమ?"

పంక్చర్ షాపతను ట్యూబు నీళ్లలో ముంచి, బుడగల కోసం చూస్తూ చెప్పాడు.

"నేనూ అదే అడిగాను. 'మీ మెకానిక్ ఇందాకట్నుంచీ తిడుతున్నది నన్నే బాబూ, ఆ బోల్టు అక్కడ గీసింది నేనే' అన్నారు."