సరిపోయే బండి

“ఎర్రది వద్దు నాయనా. ఈ నల్ల బండే కావాల,” అన్నాడు జీవరత్నం మళ్లీ.

నంద్యాలలో దేవరాజు మెకానిక్ షెడ్డు ముందు పాత మోటారు సైకిళ్లు రెండు ఎండలో నిలబెట్టి ఉన్నాయి. మట్టిలో జరిగే పందేలకు పనికొచ్చేలా మడ్‌గార్డులు ఎత్తి కట్టి, గరుకు టైర్లు వేశాడు దేవరాజు. ఎర్రది ఎత్తుగా, బరువుగా ఉంది. నల్లది పొట్టిది, తేలికది, చవకది.

“ఎక్కు, చూస్తాం,” అన్నాడు తండ్రి ఏసయ్య.

జీవరత్నం ఆరడుగుల మనిషి. నల్ల బండి ఎక్కి కూర్చుంటే మోకాళ్లు హ్యాండిలుకు తగిలాయి.

“మేకపిల్ల మీద ఒంటె కూర్చున్నట్టుంది,” దేవరాజు నవ్వాడు. “ఏసన్నా, మలుపు కాడ నీ కొడుకు హ్యాండిలు తిప్పుతాడా, మోకాళ్లు తిప్పుతాడా?”

ఏసయ్య నవ్వలేదు. ఆళ్లగడ్డ దగ్గర సేద్యం చేస్తూ, బండ లాగే పందేలకు ఎద్దులను సాకిన మనిషి. కాడి ఎత్తు కుదరకపోతే ఎద్దు మెడ ఏమవుతుందో తెలిసినవాడు. కొడుకును చెప్పులు విడిచి నిలబడమన్నాడు. మడమ నుంచి తొడ మొదలు దాకా జానలతో కొలిచాడు. వెళ్లి ఎర్ర బండి సీటు కొలిచాడు. నల్లదాని సీటు కూడా కొలిచాడు. తృప్తి కలగక ఎర్రదాన్ని మరోసారి కొలిచాడు.

“ఇది సరిగ్గా సరిపోయింది. కాళ్లు రెండూ నేలకు ఆనతాయి. ఏమప్పా?” అన్నాడు దేవరాజుతో.

“నేనూ అదే చెప్తాండా,” అన్నాడు దేవరాజు. “ కొత్తగా పందెం నేర్చేటోనికి వేగం ముఖ్యం కాదు. బండి ఒరిగితే కాలు మోపి నిలబెట్టుకోవాల. లేకుంటే అది మన మీద పడతాది.”

“నాకు నల్లదే సరిపోతాది,” అన్నాడు జీవరత్నం తల ఎత్తకుండా.

“ఎట్ల సరిపోతాదిరా? కండ్లు కనపడతాండాయా నీకు?”

జీవరత్నం చెప్పులు వేసుకుని మళ్లీ నల్ల బండి దగ్గరికే పోయాడు. ఏసయ్యకు ఒక్కసారిగా సంగతి తెలిసినట్టయింది. కొడుకును పక్కకు తీసుకుపోయి భుజం మీద చెయ్యి వేశాడు.

“దుడ్లు చూసి వెనక్కి పోతాండావా? నీ ప్రాణం కంటే దుడ్లు ఎక్కువా నాకు? ఈ పందేలు వద్దన్నా, వినలేదు. తోలేది ఖాయమైనాక సరైన బండి మీద తోలు.”

“అది కాదు నాయనా...”

“మరేంది? చెప్పు.”

జీవరత్నం రోడ్డు వైపు తిరిగాడు. “ఏం లేదు,” అన్నాడు.

ఎర్ర బండి ఇంటికి వచ్చింది. నంద్యాలలో హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చదువుతున్న కూతురు అరుణకుమారి, సెలవులకు వచ్చి ఇంట్లోనే ఉంది. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

“అన్న అడిగింది కొనాల్సింది నాయనా.”

“వకీలు పెట్టుకున్నాడా నిన్ను? ఆడపిల్లవు, బండ్ల సంగతి నీకెందుకు?” ఏసయ్య ముచ్చటగా కసిరాడు. “నచ్చేది వేరు, సరిపోయేది వేరు. కన్నోనికి తెలుస్తాది.”

ఆమె లోపలికి వెళ్లిపోయింది.

పందెం ఆదివారం పడింది. ఏసయ్య చర్చిలో సంఘ పెద్ద, ఆరాధన మానేసి పోలేడు. సోమవారం పరీక్ష ఉందని అరుణ ముందురోజే హాస్టలుకు వెళ్లిపోయింది. జీవరత్నం పొద్దున్నే బండి తీసుకుని బయలుదేరాడు. ఆ ఉదయం గుడిలో ఏసయ్య అందరితో పాటు మోకరించి, కొడుకు పేరు చెప్పుకుని ప్రార్థన చేసుకున్నాడు. చివరి పాట కాగానే నంద్యాల బస్సెక్కాడు.

ఊరి బయట పందెం జరిగే బీడు చేరేసరికి జనం చెదిరిపోతున్నారు. మలుపు దగ్గర ఎర్ర బండి ఒక పక్కకు పడి ఉంది. దగ్గరలో ఎవరూ లేరు. దూరంగా గట్టు మీద సోడాలమ్మే ముసలాయన కనిపిస్తే పరుగెత్తాడు.

“ఆ బండి తోలినోడు యాడప్పా?”

“జీపులో ఆసుపత్రికి ఎత్తుకపోయినారు. మలుపు కాడ బండి ఒరిగింది. పాపం, కాలు మోపబోయినాడు. నేల అందలేదు. బండి వచ్చి ఎదమీద పడింది.”

“అందకపోవడమేంది? నేనే కొలిచినా!”

“ఈ గట్టు మీది నుంచి చూసింది చెప్తాండా. హెల్మెట్టులో మొగం తెలియలేదు గానీ, మునివేళ్లు గూడా ఆనలేదు.”

“బతికినాడా?”

ముసలాయన వంగి ఖాళీ సీసాలు పెట్టెలో సర్దుకోసాగాడు.

ఆసుపత్రికి ఎలా వచ్చాడో ఏసయ్యకు తెలియలేదు. వరండాలో స్తంభానికి ఆనుకుని జీవరత్నం నిలబడి ఉన్నాడు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

ఏసయ్య కొడుకును గట్టిగా పట్టుకున్నాడు. తల తడిమాడు, భుజాలు తడిమాడు, వంగి కాళ్లు తడిమాడు. నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

“స్తోత్రం తండ్రీ, స్తోత్రం! కాలు అందలేదంటాడు ముసలోడు. నా కొలత తప్పుతాదా? వేరే ఎవురినో చూసి చెప్పింటాడు.”

జీవరత్నం తండ్రి చేతులు పట్టుకుని పైకి లేపాడు.

“బండి నాకు కాదు నాయనా. అరుణకు.”