పెట్టె మీద చెయ్యి

"ఇంకాస్త తగ్గించు బాబూ" అన్నాడు కింది వాటా ఆయన, గుమ్మంలోనే నిలబడి. "మా నాన్నకి ఆపరేషనయింది. ఈ దడదడకి కునుకు పట్టడం లేదు."

మెకానిక్ సబ్‌వూఫర్ పెట్టె వెనక నాబ్ తిప్పాడు. "తప్పు ఈ పెట్టెది కాదండీ. స్పీకర్లతో కలవకుండా ఎవరో దీన్ని ఫుల్లుగా పెట్టేశారు."

ఆ ఎవరో ఇంటాయనే. ఆయన భార్య నేలమీద కూర్చుని, కళ్లు మూసుకుని, పెట్టెకి అరచెయ్యి ఆనించి ఉంది.

మెకానిక్ మరో రెండుసార్లు సవరించాడు. పాట గదంతా సమంగా పరుచుకుంది. వంక పెట్టలేని పని.

"విన్నారా? ఇప్పుడిక్కడ పెట్టె ఉన్నట్టే తెలీదు!"

"చల్లగా ఉండు నాయనా" అంటూ కిందాయన మెట్లు దిగిపోయాడు.

ఆవిడ కళ్లు తెరిచింది. అరచేతిని పెట్టె మీద అటూ ఇటూ జరిపి చూసింది. జ్వరం చెవులు తీసుకుపోయినప్పటి నుంచి ఆవిడ గొంతుకి అదుపు లేదు. గట్టిగా అడిగింది.

"పాట అయిపోయిందా?"

మెకానిక్ చెయ్యి నాబ్ దాకా వెళ్లి ఆగిపోయింది. ఇంటాయన వైపు చూశాడు.

స్పీకర్లలో అప్పుడే రెండో చరణం మొదలవుతోంది.

అయిపోయిందన్నట్టు ఆయన తలూపాడు.